మెల్‌బోర్న్‌లో అబ్బాయి మీద కేసు: టికెట్ కొనేముందు

ప్రశ్న: మాది తెనాలి. హైస్కూల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి 24 ఏళ్లు. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతూ సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. ఈమధ్య ఒక రాత్రి వాడి కారు సైకిల్ మీద వెళ్తున్న ఒక పెద్దాయన్ని గుద్దింది. ప్రాణాపాయం తప్పింది గానీ ఆయనకు తుంటి ఎముక విరిగింది, ఇంకా సరిగ్గా నడవలేకపోతున్నారట. మావాడు అక్కడే ఆగి అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. తాగి లేడు. ప్రమాదకరంగా నడిపి తీవ్రంగా గాయపరిచాడని పోలీసులు కేసు పెట్టి, బెయిల్ మీద పంపారు. వచ్చే నెల మెజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లాలి. "ఇండియా వాళ్లకి ఇక్కడ న్యాయం జరగదు, టికెట్ కొనుక్కుని వెళ్లిపో" అని రూమ్మేట్లు అంటున్నారట. తప్పు ఒప్పేసుకుంటే ఫైనుతో పోతుందని ఇంకొకరు. ఆ పెద్దాయన కుటుంబానికి ఎంతో కొంత ఇచ్చి రాజీ చేసుకోమని మా బంధువు ఒకాయన. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అక్కడి కోర్టులు ఎలా ఉంటాయి? మావాడికి న్యాయం జరుగుతుందా? నేను వెళ్లాలా? ఏం చెయ్యమంటారు?
- ఒక తండ్రి

సమాధానం: మాస్టారూ, నమస్కారం. ఆ రాత్రి ఏం జరిగిందో మీ అబ్బాయి మీకు చెప్పిన వివరాలన్నీ మీ ఉత్తరంలో ఉన్నాయి. వాటిని నేను ఇక్కడ అచ్చు వెయ్యడం లేదు. మీరు కూడా ఇంకెవరికీ రాయకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. లాయరుతో మాట్లాడుకున్న మాటలకు అక్కడి చట్టం రక్షణ ఇస్తుంది. తండ్రీకొడుకుల మధ్య మాటలకు అలాంటి రక్షణ లేదు. ఫోన్ పోలీసుల చేతికి వెళ్తే, "నాన్నా, అప్పుడు నేను ఇలా చేశాను" అని పంపిన మెసేజ్ కోర్టులో సాక్ష్యమవుతుంది. ఇక నుంచి ఫోన్ చేసినప్పుడు తిన్నావా, పడుకున్నావా, లాయరుని కలిశావా అని అడగండి. కేసు గురించి అడగకండి.

టికెట్ మాట ముందు తేల్చేద్దాం. వద్దు. బెయిల్ మీద ఉన్నవాడు కోర్టు తేదీకి రాకపోతే అది విడిగా ఇంకో నేరం. వారెంటు వస్తుంది. వీసా ఆశ అంతటితో పోతుంది. ఇండియాకి వచ్చేస్తే ఎవరూ పట్టించుకోరని రూమ్మేట్లు అనుకుంటున్నారు గానీ, ఆస్ట్రేలియాకీ మనకీ నేరస్తుల అప్పగింత ఒప్పందం ఉంది. 2008లో సంతకాలయ్యాయి, 2011 నుంచి అమల్లో ఉంది. అదే 2008లో మెల్‌బోర్న్‌లో తాగి అతివేగంగా కారు నడిపి ఒక విద్యార్థి చావుకి కారణమైన భారతీయ విద్యార్థి ఒకడు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. శిక్ష పడేలోగా, 2009లో, స్నేహితుడి పాస్‌పోర్టు మీద ఇక్కడికి వచ్చేశాడు. 2013లో ఇక్కడే అరెస్టయ్యాడు. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఢిల్లీ కోర్టుల చుట్టూ తిరిగాడు. క్వీన్స్‌లాండ్‌లో 2018లో జరిగిన ఒక హత్య కేసులో నిందితుణ్ణి 2022లో ఢిల్లీలో పట్టుకుని 2023లో ఆస్ట్రేలియాకి అప్పగించారు. మీ అబ్బాయి కేసు వీటితో పోల్చదగింది కాదు. పోల్చదగింది కాదు కాబట్టే పారిపోయి రావడం మరీ తెలివితక్కువ పని. ప్రమాదం తర్వాత అక్కడే ఆగి అంబులెన్స్ పిలిచిన కుర్రాడు అతను. అతనికి అనుకూలంగా ఉన్న అన్నిటికన్నా గట్టి విషయం అదే. పారిపోతే దాన్ని తన చేతులతో తనే చెరిపేసుకున్నట్టు.

ఇప్పుడు అసలు విషయం. మీరు కోర్టు గురించి భయపడుతున్నారు. నా అభిప్రాయంలో మీ అబ్బాయికి కోర్టు కన్నా వీసా పెద్ద ప్రమాదం. ఈ రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల చేతుల్లో, వేర్వేరు పద్ధతుల్లో తేలతాయి. చాలా కుటుంబాలు ఒకదాన్ని చూసుకుంటూ రెండోదాన్ని మర్చిపోతాయి.

కోర్టు సంగతి మొదట. ఆస్ట్రేలియాలో క్రిమినల్ చట్టం ఎక్కువ భాగం రాష్ట్రాలది. మెల్‌బోర్న్ విక్టోరియాలో ఉంది కాబట్టి విక్టోరియా చట్టాలే వర్తిస్తాయి. సిడ్నీలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పే అనుభవం ఇక్కడ సరిపోకపోవచ్చు. కింద మెజిస్ట్రేట్ కోర్టు, దాని మీద కౌంటీ కోర్టు, ఆ పైన సుప్రీం కోర్టు, అందులోనే అప్పీలు కోర్టు. అన్నిటి మీదా కాన్‌బెరాలో హైకోర్టు. మనతో పోలిస్తే ఇది తారుమారు, అక్కడ సుప్రీం కోర్టు రాష్ట్రానిది, హైకోర్టు దేశానిది. పేపర్లో వార్తలు చదివేటప్పుడు మీకు ఇది పనికొస్తుంది.

మీ అబ్బాయి మీద పెట్టిన నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు. ఆ అంకె చూసి గుండె ఆగినంత పని అయ్యుంటుంది. కానీ ఈ నేరాన్ని మెజిస్ట్రేట్ కోర్టులోనే తేల్చే వీలుంది. అందుకు మెజిస్ట్రేటు తగునని అనుకోవాలి, మీ అబ్బాయి ఒప్పుకోవాలి. అక్కడ ఒక నేరానికి 2 ఏళ్లకు మించి జైలు వెయ్యలేరు. పైగా గరిష్ఠ శిక్ష అనేది ఆ నేరంలో అతి ఘోరమైన సందర్భాల కోసం. కౌంటీ కోర్టుకి వెళ్తే, నేరం ఒప్పుకోకపోతే, 12 మంది మామూలు పౌరులు జ్యూరీగా కూర్చుని నేరం చేశాడా లేదా చెప్తారు. శిక్ష ఎంతో నిర్ణయించేది మాత్రం జడ్జీ. ఎక్కడ జరిగినా నేరం రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌దే. సహేతుకమైన సందేహం ఏమాత్రం మిగలకుండా రుజువు చెయ్యాలి. పోలీసుల దగ్గరున్న సాక్ష్యాల ఫైలు మీ అబ్బాయి లాయరుకి ఇవ్వాల్సిందే. అది చూడకుండా ఏ నిర్ణయమూ వద్దు.

ఎందుకంటే ఈ కేసు మొత్తం ఒక ప్రశ్న మీద నడుస్తుంది. అతను నడిపిన తీరు ప్రమాదకరమా, లేక అజాగ్రత్తా? అక్కడి చట్టంలో ఇవి రెండు వేరు నేరాలు. జాగ్రత్తగల డ్రైవరు చూపాల్సిన శ్రద్ధ చూపకపోతే అజాగ్రత్త. దాన్ని దాటి, రోడ్డు మీద ఉన్న ఇతరులకు మామూలుగా ఉండే దానికన్నా బాగా ఎక్కువ ముప్పు తెచ్చేలా నడిపితే ప్రమాదకరం. మొదటిదానికి సాధారణంగా ఫైనూ, లైసెన్సు మీద చర్యా. రెండోదానికి జైలు దాకా వెళ్లొచ్చు, లైసెన్సు రద్దు తప్పదు. వేగం ఎంత, లైట్లు ఎలా ఉన్నాయి, సైకిల్‌కి దీపం ఉందా, ఫోన్ వాడకం రికార్డులో ఏముంది, ఎన్ని గంటలుగా నిద్రలేకుండా నడుపుతున్నాడు, ఇవన్నీ చూస్తారు. మంచి క్రిమినల్ లాయరు ఈ ఫైలు చదివి, అందులో బలం లేకపోతే పోలీసు ప్రాసిక్యూటరుతో మాట్లాడి నేరారోపణని తగ్గించమని అడుగుతాడు. అక్కడ ఇది రోజూ జరిగే మామూలు పద్ధతి, చాటుమాటు వ్యవహారం కాదు. కాబట్టి "తప్పు ఒప్పుకోవాలా" అని మీరడిగితే నా జవాబు, ముందు ఏ తప్పు ఒప్పుకుంటున్నాడో తేలాలి.

అది తేలాక, సాక్ష్యం బలంగా ఉంటే, త్వరగా ఒప్పుకోవడం నిజంగానే మేలు చేస్తుంది. విక్టోరియాలో 1991 నాటి శిక్షల చట్టం ఉంది. నేరం ఒప్పుకున్నాడా, ఏ దశలో ఒప్పుకున్నాడు అన్నది జడ్జీ లెక్కలోకి తీసుకోవాలని అది చెప్తుంది. ఒప్పుకున్నందుకు శిక్ష తగ్గించి జైలు వేస్తే, ఒప్పుకోకపోయి ఉంటే ఎంత వేసేవారో కూడా జడ్జీ బయటికి చెప్పాలి. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. తగ్గింపు ఎంతో నిందితుడికీ తెలుస్తుంది, గాయపడ్డ మనిషికీ తెలుస్తుంది. ఇంకోటి, ఇప్పుడు ఒప్పుకుంటే ఏ రకం శిక్ష పడొచ్చో ముందే సూచనగా చెప్పమని మెజిస్ట్రేటుని అడిగే వీలు కూడా ఉంది. చెప్పాలా వద్దా అన్నది మెజిస్ట్రేటు ఇష్టం. ఈ అవకాశం గురించి లాయరుని తప్పకుండా అడగమనండి.

శిక్ష వేసేటప్పుడు జడ్జీ ఏం చూస్తారు? తగిన దండన, ఇతరులకు హెచ్చరిక, ఆ మనిషి బాగుపడే అవకాశం, సమాజం ఆ పనిని ఖండించడం, జనానికి రక్షణ. చట్టం చెప్పే ఉద్దేశాలు ఇవే. అవసరమైన దానికన్నా కఠినమైన శిక్ష వెయ్యకూడదని కూడా అదే చట్టం రాసిపెట్టింది. జైలుకీ ఫైనుకీ మధ్య కమ్యూనిటీ కరెక్షన్ ఆర్డర్ అని ఒకటుంది. జీతం లేకుండా సమాజానికి పనిచెయ్యడం, అధికారి పర్యవేక్షణ, అవసరమైతే చికిత్స లేదా కోర్సు, ఇలాంటి షరతులతో బయటే ఉంటూ శిక్ష అనుభవించడం. మొదటిసారి నేరం, మద్యం లేదు, ఆగి సాయం చేశాడు, వయసు చిన్నది, ఇవన్నీ మీ అబ్బాయి వైపు పనిచేస్తాయి. ఆ పెద్దాయన గాయం ఎంత తీవ్రమో అది రెండో వైపు పనిచేస్తుంది. తన జీవితం ఎలా మారిపోయిందో ఆయన కోర్టుకి రాసి ఇవ్వొచ్చు, చదివి వినిపించనూ వచ్చు. మీ అబ్బాయి దాన్ని తలెత్తి వినాలి. వినడం కష్టంగా ఉంటుంది, అయినా వినాలి. ఎనిమిది పదుల వయసుకి దగ్గరైనవాళ్లకి తుంటి విరిగితే ఏమవుతుందో మనందరి ఇళ్లల్లో తెలుసు. ఆయన వయసెంతో మీరు రాయలేదు గానీ, ఆయన్ని మర్చిపోయి మీ అబ్బాయి గురించి మాత్రమే ఆలోచిస్తే ఈ కేసు మీకు అర్థం కాదు.

ఇక రాజీ. మన దగ్గర కొన్ని కేసుల్లో కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది, లోక్ అదాలత్‌లో కూర్చుని మాట్లాడుకుంటాం. మీ బంధువు ఆ అనుభవంతోనే చెప్పారు, చెడు ఉద్దేశంతో కాదు. కానీ అక్కడ ఇలాంటి నేరంలో ఒక పక్షం ప్రభుత్వం. గాయపడ్డాయన క్షమించానన్నా కేసు ఆగదు. డబ్బు పట్టుకుని ఆ కుటుంబం దగ్గరికి వెళ్తే సాక్షిని ప్రభావితం చెయ్యబోయారని అనుకునే ప్రమాదం ఉంది. అది ఇప్పుడున్న నేరం కన్నా పెద్దదవుతుంది. ఆయన ఆసుపత్రి ఖర్చు గురించి మీకు బాధ ఉంటే ఈ సంగతి వినండి. విక్టోరియాలో ట్రాన్స్‌పోర్ట్ యాక్సిడెంట్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ రోడ్డు ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ల వైద్యం ఖర్చు భరిస్తుంది, తప్పెవరిదన్న దానితో పనిలేకుండా. మీ అబ్బాయికి క్షమాపణ చెప్పాలనిపిస్తే, అది మనస్ఫూర్తిగా రాసి లాయరుకి ఇవ్వాలి. ఎప్పుడు, ఎలా కోర్టు ముందు పెట్టాలో లాయరు చూసుకుంటాడు.

వీసా దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

1958 నాటి వలస చట్టంలో 501వ సెక్షన్ అని ఉంది. ఎవరికైనా 12 నెలలు లేదా అంతకుమించి జైలు శిక్ష పడితే వాళ్లు వీసా కోసం చట్టం పెట్టిన నడవడిక పరీక్షలో తప్పినట్టే. ఆ శిక్షతో జైల్లో ఉంటే వీసా దానంతటదే రద్దు కావాల్సిందే అని 2014 చివర్లో మార్చారు. రద్దయ్యాక తిరిగి ఇవ్వమని అడగడానికి 28 రోజులే గడువు. చాలామంది ఇంతవరకే విని "12 నెలల లోపు పడితే గండం గట్టెక్కినట్టే" అనుకుంటారు. స్టూడెంట్ వీసా తాత్కాలిక వీసా. తాత్కాలిక వీసా ఉన్నవాళ్లకి ఏదైనా నేరం రుజువైతే చాలు, జైలు పడకపోయినా, రద్దు చెయ్యాలా వద్దా అని అధికారులు పరిశీలించే అధికారం అదే చట్టంలో ఇంకోచోట ఉంది. కాబట్టి ఫైనుతో పోతుందని ఒప్పేసుకున్న కుర్రాడికి రేపు చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా దగ్గర అడ్డం రావొచ్చు.

కోర్టు ఒకటి చెప్పి, వీసా అధికారం ఇంకోటి చెయ్యగలదని మనవాళ్లకి బాగా అర్థమయ్యే కేసు ఒకటుంది. బెంగళూరు నుంచి వెళ్లి గోల్డ్‌కోస్ట్ ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టర్ మహమ్మద్ హనీఫ్‌ని 2007 జులై 2న బ్రిస్బేన్ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. బ్రిటన్‌లో జరిగిన బాంబు దాడుల కుట్రతో సంబంధం ఉందని అనుమానం. కారణం, ఆయన అక్కడి నుంచి వచ్చేటప్పుడు తన సిమ్ కార్డుని బంధువుకి ఇచ్చి రావడం. ఏ నేరమూ మోపకుండా 12 రోజులు ఉంచారు. జులై 16న మెజిస్ట్రేటు బెయిల్ ఇచ్చారు. కొద్ది గంటల్లోనే అప్పటి వలస శాఖ మంత్రి కెవిన్ ఆండ్రూస్ ఆయన వీసా రద్దు చేశారు. బెయిల్ వచ్చినా బయటికి రాలేకపోయారు. జులై 27న ప్రాసిక్యూషన్ కేసునే వెనక్కి తీసుకుంది. ఆగస్టులో కేంద్ర చట్టాల కేసులు వినే ఫెడరల్ కోర్టు జడ్జీ వీసా రద్దు చెల్లదని కొట్టేశారు. ఆ తర్వాత ప్రభుత్వమే వేసిన క్లార్క్ విచారణ ఆయన ఏ తప్పూ చెయ్యలేదని తేల్చింది. 2010లో నష్టపరిహారం కూడా ఇచ్చారు. ఈ ఒక్క కేసులో మీకు రెండూ కనిపిస్తాయి. భయపడ్డ ప్రభుత్వం ఒక విదేశీయుడి మీద ఎంత అన్యాయంగా ప్రవర్తించగలదో కనిపిస్తుంది. ఒక మెజిస్ట్రేటు, ఒక జడ్జీ ఆ ప్రభుత్వానికే ఎదురు నిలబడి కాదనగలరన్నదీ కనిపిస్తుంది.

ఇందుకే మీ అబ్బాయికి ఇద్దరు సలహాదారులు కావాలి. ఒకరు క్రిమినల్ లాయరు, ఇంకొకరు వలస చట్టం తెలిసిన లాయరు లేదా రిజిస్టర్డ్ ఏజెంటు. ఏజెంటు అయితే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సరిచూసుకోవాలి. నేరం ఒప్పుకునే ముందే వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, తర్వాత కాదు. దేశం నుంచి పంపించేసే అవకాశం ఉంటే దాన్ని శిక్ష వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోవచ్చని విక్టోరియా అప్పీలు కోర్టు 2010లో చెప్పింది. జైల్లో ఉన్నన్ని రోజులూ ఆ భయం మోయాల్సి వస్తుందనీ, అక్కడ స్థిరపడే అవకాశం పోవడం కూడా ఒక దండనేననీ దాని తర్కం. అయితే దానికి ఆధారాలు చూపాలి, ఊహలు సరిపోవు. వీసా కాపాడటం కోసమని నేరానికి తగని చిన్న శిక్ష కోర్టు వెయ్యదు. ఆ వాదన వినిపించే లాయరుకి వలస చట్టం తెలిసినవాళ్ల కాగితం చేతిలో ఉండాలి. ఇంకో మాట. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో పదిహేను రోజులకి 48 గంటలే పనిచెయ్యాలి. డెలివరీ గంటలు కూడా అందులోకే వస్తాయి. అతను ఆ హద్దు దాటి ఉంటే లాయర్లిద్దరికీ దాచకుండా చెప్పాలి.

దాచడం గురించి ఇంకొంచెం చెప్పాలి. "కారు నేను నడపలేదు, ఫ్రెండ్ నడిపాడని చెప్పు" లాంటి సలహాలు ఆ రూముల్లో వినిపిస్తుంటాయి. ఫెడరల్ కోర్టు మాజీ జడ్జీ మార్కస్ ఐన్‌ఫెల్డ్ ఏం చేశాడో మీ అబ్బాయికి చెప్పండి. 2006లో సిడ్నీలో ఆయన కారు కెమెరాకి చిక్కింది. హద్దు మీద 10 కిలోమీటర్ల వేగం ఎక్కువ. ఫైను 77 డాలర్లు. అది తప్పించుకోడానికి, ఆ రోజు కారు ఒక స్నేహితురాలు నడిపిందని ప్రమాణం చేసి చెప్పాడు. ఆమె అప్పటికే చనిపోయి మూడేళ్లవుతోందని విలేకరులు బయటపెట్టారు. 2009లో ఆయనకి 3 ఏళ్ల జైలు పడింది, కనీసం 2 ఏళ్లు అనుభవించాలన్నారు, అనుభవించాడు. 70 ఏళ్ల వయసు, పెద్ద పేరు, దేశంలో అందరికీ తెలిసిన మనిషి. ఏదీ అడ్డం రాలేదు. ఆ కోర్టుల్లో అబద్ధాన్ని ఎంత తీవ్రంగా చూస్తారో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు. వీసా ఫారాల్లో కూడా అంతే. కేసు ఉందా అని అడిగితే ఉందని రాయాలి. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే మూడేళ్ల పాటు చాలా రకాల వీసాలకి దారి మూసుకుపోతుంది.

"ఇండియా వాళ్లకి న్యాయం జరగదు" అన్న మాటకి సూటిగా జవాబు చెప్తాను. 2009, 2010లో మెల్‌బోర్న్‌లో మన విద్యార్థుల మీద వరసగా దాడులు జరిగిన రోజులు గుర్తున్నవాళ్లు ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. కానీ మీ అబ్బాయిలాంటి కేసులో జాతి చూసి శిక్ష వేస్తారని నేననుకోను. జడ్జీ కారణాలన్నీ బహిరంగంగా చెప్పాలి, కోర్టులో ఎవరైనా కూర్చుని వినొచ్చు, శిక్ష మరీ ఎక్కువైతే పైకోర్టుకి వెళ్లొచ్చు. మెజిస్ట్రేట్ కోర్టు తీర్పు మీద కౌంటీ కోర్టుకి 28 రోజుల్లో అప్పీలు వెయ్యాలి. పై కోర్టుల తీర్పులూ, జడ్జీలు శిక్ష వేస్తూ చెప్పిన కారణాలూ ఆస్ట్‌లీ అనే వెబ్‌సైటులో ఉచితంగా చదవొచ్చు. మీరు టీచరుగా పనిచేసినవారు, చదవడం మీకు కష్టం కాదు. నిద్ర పట్టని రాత్రి వాట్సాప్ చూసే బదులు ఇలాంటి నేరాల్లో వచ్చిన తీర్పులు నాలుగు చదవండి. జడ్జీలు ఒక్కో మనిషి గురించి ఎంత వివరంగా ఆలోచిస్తారో మీకే తెలుస్తుంది.

అయినా అక్కడ అంతా న్యాయమే అని నేను చెప్పను. ఆ దేశపు ఆదివాసులు జనాభాలో నూటికి నలుగురు కూడా లేరు, జైళ్లలో మాత్రం మూడో వంతు వాళ్లే. కస్టడీలో ఆదివాసుల మరణాల మీద వేసిన రాయల్ కమిషన్ 1991లో 339 సిఫార్సులు చేసింది. అప్పటికన్నా ఇప్పుడు జైళ్లలో వాళ్ల వాటా రెట్టింపు దాటింది. మీ అబ్బాయి ఉన్న మెల్‌బోర్న్‌లోనే 2020 జనవరిలో ఒక ఆదివాసి మహిళ జైలు గదిలో చనిపోయింది. షాపుల్లో దొంగతనం లాంటి చిన్న కేసులు. బెయిల్ అడిగేటప్పుడు పక్కన లాయరు లేడు, తనే మాట్లాడుకుంది, బెయిల్ రాలేదు. రాత్రంతా సాయం కోసం పిలుస్తూనే ఉంది. అప్పటి బెయిల్ చట్టం పూర్తి విపత్తు అని 2023లో ఇలాంటి మరణాలను విచారించే కరోనర్ కోర్టు చెప్పింది. 2024లో చట్టాన్ని సడలించారు, 2025లో మళ్లీ బిగించారు. ఇది తల్చుకుంటే నాకు కోపం వస్తుంది. అన్యాయం అక్కడ ఎక్కువగా పేదవాళ్ల మీద, లాయరు లేనివాళ్ల మీద, మొదటి గంటల్లో పడుతుంది. మీ అబ్బాయి బయట ఉన్నాడు, చదువుకున్నవాడు, మీరు వెనక ఉన్నారు. ఆ అదృష్టాన్ని వాడుకోవాలి, అంటే లాయరు లేకుండా ఒక్క తేదీకి కూడా కోర్టు మెట్లెక్కకూడదు.

లాయరు ఫీజు గురించి మీరు అడగలేదు గానీ, టీచరు పెన్షన్‌తో అది చిన్న విషయం కాదు. మెజిస్ట్రేట్ కోర్టుల్లో అక్కడికక్కడే సాయం చేసే డ్యూటీ లాయరు ఉంటారు, విక్టోరియా లీగల్ ఎయిడ్ ఉంది, ఆదాయమూ కేసు తీవ్రతా చూసి సాయం చేస్తారు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా దొరుకుతుంది. ముందు అవన్నీ అడగమనండి. పొలం అమ్మి పెద్ద పేరున్న లాయరుని పెట్టాల్సిన కేసు ఇది కాదని నా అభిప్రాయం. ఇలాంటి ట్రాఫిక్ కేసులు రోజూ చూసే లాయరు చాలు. ఇంగ్లిష్ బాగా వచ్చినా కంగారులో తడబడతాడనిపిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందుగా చెప్పాలి. కోర్టే ఏర్పాటు చేస్తుంది.

మంచి నడవడికకి సాక్ష్యంగా ఉత్తరాలు అడుగుతారు. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద తెప్పిద్దామని మన ఇళ్లల్లో ఎవరో ఒకరు అంటారు. దానివల్ల పైసా లాభం లేదు. అతన్ని దగ్గరగా చూసినవాళ్లు రాయాలి. ఇంజనీరింగ్‌లో చెప్పిన లెక్చరరు, అక్కడి ప్రొఫెసరు, పనిచేసినచోట మేనేజరు. ఏ నేరం మోపారో తనకు తెలుసని ఉత్తరంలో స్పష్టంగా రాయాలి. అది తెలియకుండా రాసిన ఉత్తరాన్ని మెజిస్ట్రేట్లు పట్టించుకోరు. ఏ శిక్ష వెయ్యాలో, వెయ్యకూడదో రాయకూడదు. సేఫ్ డ్రైవింగ్ కోర్సు, కౌన్సెలింగ్ లాంటివి కోర్టు చెప్పకముందే మొదలుపెడితే పశ్చాత్తాపం మాటల్లోనే లేదని కనిపిస్తుంది. ఒక మనిషిని గాయపరిచిన తర్వాత కుర్రాడికి కూడా నిద్ర ఉండదు. మీతో మాట్లాడుతున్నప్పుడు ముభావంగా ఉంటే కోప్పడకండి. మనసు మరీ కుంగితే అక్కడ లైఫ్‌లైన్ నంబరు 13 11 14 ఉంది, ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు.

మీరు వెళ్లాలా అన్నారు. వచ్చే నెల తేదీకి వద్దు. అది మొదటి హియరింగ్, ఫైలు ఇవ్వడం, వాయిదా వెయ్యడం, కొద్ది నిమిషాల్లో అయిపోవచ్చు. కేసు నెలల పాటు సాగుతుంది. టికెట్ డబ్బు దాచుకోండి. శిక్ష గురించి వాదనలు వినే రోజు ఎప్పుడో లాయరు ముందుగా చెప్తాడు, విజిటర్ వీసాకి టైము పడుతుంది కాబట్టి ఆ సంగతి ఇప్పుడే అతనితో అనుకోండి. ఆ రోజు వెనక బెంచీలో మీరు కూర్చుంటే, ఈ కుర్రాడికి ఇల్లూ వాకిలీ, అడిగేవాళ్లూ ఉన్నారని మెజిస్ట్రేటుకి తెలుస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్ ఆపెయ్యండి, మెజిస్ట్రేటు వచ్చినప్పుడు లేచి నిలబడి తల వంచండి. బయట ఆ పెద్దాయన కుటుంబం ఎదురైతే దారి ఇచ్చి పక్కకి జరగండి, మాట్లాడబోకండి.